పంచె పేలిక, కొబ్బరి ఈనె

మా మావయ్య ఇంటి వెనక వరండాలో, నీళ్ల డ్రమ్ము పక్కన, సొట్టపడిన స్టీలు పళ్లెం ఒకటి ఉంటుంది. వంటింటి గడప దాటడానికి దానికి అత్తయ్య అనుమతి లేదు. అందులో అరిగిన టూత్‌బ్రష్షులు రెండు, పాత పంచె చింపిన పేలికలు, కొబ్బరి ఈనెలు నాలుగైదు, సూది తీసేసిన సిరంజి, గిన్నెలు తోమే లిక్విడు, చిన్న ట్యూబులో ఎర్ర గ్రీజు ఉంటాయి. ఆ పళ్లెం బయటికొచ్చిందంటే ఆ ఆదివారం బండి ముందు బ్రేకుకి తలంటన్నమాట.

మావయ్య ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉండేది విశాఖపట్నం పెదవాల్తేరులో. 2014లో కొన్న క్లాసిక్ 350 బులెట్టు ఉంది. దానికి ముందు 280 మిల్లీమీటర్ల డిస్కు, రెండు పిస్టన్ల కాలిపరు. వెనక మాత్రం డ్రమ్మే. ఇంటి నుంచి సముద్రానికి నడిచి వెళ్లొచ్చు. బట్టలారేసే ఇనప తీగ చూస్తుండగానే తుప్పు పట్టి పొడిగా రాలిపోయే చోటు అది. అలాంటి ఉప్పు గాలిలో పదేళ్లు దాటిన కాలిపర్లో పిస్టన్లు ఇంకా మొహం చూసుకునేలా మెరుస్తున్నాయి. అందుకు ఆయన పెట్టే ఖర్చు ఏడాదికి రెండు ఆదివారాలు.

ఆ పనిని పక్కన కూర్చుని చూసే భాగ్యం నాకు నా బండి పుణ్యమా అని దక్కింది. అంతకు నెల కిందట ఒక షాపులో ముందు ప్యాడ్లు మార్పించాను. అక్కడి కుర్రాడు పాత ప్యాడ్లు లాగేశాడు. పెద్ద స్క్రూడ్రైవరు దూర్చి, బయటికి వచ్చి ఉన్న పిస్టన్లను ఒక్క నొక్కుతో లోపలికి తోశాడు. కొత్తవి పెట్టి పది నిమిషాల్లో పంపించేశాడు. ఆ వేగానికి ముచ్చటపడి టీకి డబ్బులు కూడా ఇచ్చాను. నెల తిరిగేసరికి బండి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు నడవడం మొదలుపెట్టింది. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఆగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కాలిన వాసన.

మావయ్య ఇంటి ముందు ఆపేసరికి ఆయన చెంబుతో వచ్చి డిస్కు మీద నాలుగు చుక్కలు చిలకరించాడు. చుయ్యిమంది.

"ఏటల్లుడూ, పెనం పెట్టుకుని తిరుగుతున్నావా?" అన్నాడు.

బండి చల్లారాక మెయిన్ స్టాండేసి, ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, చేత్తో ఒక తోపు తోశాడు. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. "పట్టీసింది" అన్నాడు. పళ్లెం బయటికొచ్చింది.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్లక తప్పదు. ఆ కుర్రాడు చేసిన తప్పేమిటో, మావయ్య చేసే పనిలో గొప్పేమిటో రెండూ ఒక రబ్బరు రింగు దగ్గరే తేలతాయి.

లివరు నొక్కితే హ్యాండిల్ మీదున్న మాస్టర్ సిలిండర్లో చిన్న పిస్టను కదులుతుంది. అది గొట్టంలోని ద్రవాన్ని నెడుతుంది, ఆ ద్రవం కింద కాలిపర్లోని పెద్ద పిస్టన్లను నెడుతుంది, అవి ప్యాడ్లను డిస్కుకి నొక్కుతాయి. పైనున్న పిస్టను అడ్డుకొలత 13 మిల్లీమీటర్లు, కిందిది 26 అనుకోండి. అడ్డుకొలత రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు. కాబట్టి కింద ఒక్కో పిస్టను మీద పడే బలమూ నాలుగింతలే. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం ఇది. పదో తరగతి దాటిన వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందే.

నొక్కడం సరే, వదిలినప్పుడు సంగతేమిటి? డ్రమ్ము బ్రేకులో లైనింగు షూలను వెనక్కి లాగడానికి స్ప్రింగులుంటాయి. కాలిపర్లో పిస్టన్ని లాగే స్ప్రింగు లేదు. మరి దాన్ని వెనక్కి లాగేదెవరు?

లాగేది రబ్బరు రింగే. పిస్టను కూర్చునే బొరియ గోడలో ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో రింగు కూర్చుంటుంది. మామూలు ఓ-రింగులా గుండ్రటి కోత కాదు, నలుచదరపు కోత. బయటి అంచు గాడిలో కదలకుండా ఉంటుంది, లోపలి అంచు పిస్టన్ని కావలించుకుని ఉంటుంది. పిస్టను ముందుకు కదిలితే లోపలి అంచు దాంతోపాటు ముందుకు వాలుతుంది. డ్రైవరు బ్రేకేస్తే బస్సులో సీటు మీద కూర్చున్నవాళ్ల నడుం కింద భాగం కదలదు, భుజాలు ముందుకు వంగుతాయి కదా, అలాగ. లివరు వదలగానే రింగు మళ్లీ నిటారుగా కూర్చుంటుంది. కూర్చుంటూ పిస్టన్ని తనతో వెనక్కి తెచ్చుకుంటుంది. ఎంత దూరం? మిల్లీమీటర్లో చిన్న వంతు. ఆ కాస్త సందులోనే డిస్కు స్వేచ్ఛగా తిరుగుతుంది.

దీని తెలివి అంతటితో ఆగదు. ప్యాడు అరిగే కొద్దీ పిస్టను ఇంకాస్త ముందుకు రావాలి. రింగు తన వంపు హద్దు దాటాక పిస్టను దాని పట్టులోంచి కొంచెం జారి ముందుకు వెళుతుంది. రింగు కొత్త చోట పట్టుకుంటుంది. అందుకే డ్రమ్ము బ్రేకుకి తిప్పినట్టు డిస్కుకి నట్టు తిప్పి బిగువు సరిచేసే పని లేదు. నూనె కారకుండా ఆపేదీ, పిస్టన్ని వెనక్కి లాగేదీ, అరుగుదలను లెక్కగట్టి సర్దుకునేదీ ఆ ఒక్క రింగే. మూడు ఉద్యోగాలు, జీతం మాత్రం ఒక రబ్బరు ముక్క ధర. ఎవరో ఇంజనీరు దీన్ని గీసిన రోజు సాయంత్రం హాయిగా నిద్రపోయి ఉంటాడు.

పిస్టను కూడా తక్కువది కాదు. బయటికి దిమ్మలా కనిపిస్తుంది గానీ అది కప్పు. మూత లేని వైపు ప్యాడుకు ఆనుతుంది. అంచు మాత్రమే తగలడం వల్ల ప్యాడు వేడి లోపలి ద్రవానికి తక్కువగా పాకుతుంది. ఆ వేడి తక్కువేం కాదు. బండీ మనిషీ కలిసి 270 కిలోలనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడితో టీ గ్లాసుడు నీళ్లు మరిగిపోతాయి.

ఇప్పుడు ఆ కుర్రాడి స్క్రూడ్రైవరు దగ్గరికి రండి. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టను బయటికి వస్తుంది. బయటికి వచ్చిన ఆ మేర మీద ప్యాడు పొడి, రోడ్డు దుమ్ము, వాన బురద, మా ఊళ్లో అయితే ఉప్పు, అన్నీ కలిసి నల్లటి అట్టు కడతాయి. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్ని లోపలికి తొయ్యాలి. తుడవకుండా తోస్తే ఆ అట్టు మొత్తం రింగు గుండా లోపలికి పోతుంది. బయట ఇంకో సన్నటి దుమ్ము రింగు కాపలా ఉంటుంది గానీ, స్క్రూడ్రైవరు బలానికి అదేం చేస్తుంది? గరుకు పట్టిన పిస్టన్ని రబ్బరు వెనక్కి లాగలేదు. ప్యాడు డిస్కుకి అంటుకునే ఉంటుంది. నా బండి పెనం అయింది అందుకే.

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్ పందెం గెలిచిన జాగ్వార్ కారుకు డిస్కులున్నాయి. 1969లో హోండా సీబీ 750 ముందు డిస్కుతో వచ్చింది. మన దగ్గర 1999 నాటి సీబీజెడ్, 2001 నాటి పల్సర్ తర్వాత కుర్రకారుకి ముందు డిస్కు లేని బండి మీద మనసు పోవడం మానేసింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ ఏబీఎస్ కూడా తప్పనిసరైంది. ఎన్ని హంగులొచ్చినా చివర్న ప్యాడుని నెట్టేది ఆ పిస్టనే. పట్టేసిన పిస్టన్ని ఏ కంప్యూటరూ కడగదు.

సరే, పని.

ముందు కాలిపర్ని ఊడదీయకుండానే షాంపూ నీళ్లతో కడిగాడు. ఎండిన పొడిని నోటితో ఊదనివ్వడు, గాలి గొట్టం పెట్టనివ్వడు. పాతకాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ కాలం ఫిట్టరుకి ఆ భయం పోదు. పోనక్కర్లేదు కూడా, ఏ బ్రేకు పొడీ ఊపిరితిత్తులకి మంచిది కాదు. తర్వాత ప్యాడ్లను పట్టే పిన్నును, కాలిపరు ఇంకా ఫోర్కుకి బిగించి ఉండగానే, ఒక పావు చుట్టు వదులు చేశాడు. ఊడదీశాక అయితే అది చేతిలో గిలగిల్లాడుతుంది, పిన్ను తల అరిగిపోతుంది. ఇలాంటివి ఏ పుస్తకంలోనైనా ఒక్క వాక్యమే ఉంటాయి. చేతికి అలవాటు కావడానికి మాత్రం ఎన్ని పిన్నుల తలలు బలవుతాయో.

బోల్టులు రెండూ తీసి కాలిపర్ని చేతిలోకి తీసుకున్నాక దాన్ని గొట్టానికి వేలాడనివ్వలేదు. పురికొసతో ఫోర్కుకి కట్టాడు. ప్యాడ్లు తీసి, మధ్యలో చిన్న చెక్క ముక్క అడ్డం పెట్టి, నన్ను లివరు మెల్లగా నొక్కమన్నాడు. పిస్టన్లు బయటికి రావాలి, కానీ ఊడి పడకూడదు. ఆరేడు మిల్లీమీటర్లు వస్తే చాలు.

ఒకటి వచ్చింది. రెండోది మొరాయించింది.

వచ్చినదాన్ని చెక్కతో అదిమి పట్టి మళ్లీ నొక్కమన్నాడు. రెండోది బద్ధకంగా కదిలింది. దాన్ని చూసి మావయ్య ఏమీ అనలేదు గానీ పెదవి విరిచాడు. దాని వంతు తర్వాత అన్నట్టు మొదటిదాని పని పట్టాడు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ తర్వాతి పావుగంట. టూత్‌బ్రష్షుని సబ్బు నీళ్లలో ముంచి కనిపించినంత మేర తోమాడు. పిస్టను వెనక భాగానికి, కాలిపరు గోడ వైపున్న దానికి, బ్రష్షు అందదు. అక్కడ చాలామంది వదిలేస్తారు. మావయ్య పంచె పేలికను రెండు వేళ్ల వెడల్పున చింపి, సబ్బు నీళ్లలో తడిపి, పిస్టను చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని ఒకటి లాగుతూ ఒకటి వదులుతూ పోయాడు. నాకు మా అమ్మమ్మ గుంజకు కవ్వం కట్టి మజ్జిగ చిలకడం గుర్తొచ్చింది. అదే లయ, అదే సాగతీత. ప్రతి పది లాగులకీ పేలికను జరిపి శుభ్రమైన మేర తెచ్చుకునేవాడు. ఎందుకంటే మురికి పట్టిన గుడ్డతో రుద్దితే ఆ మురికే ఉప్పు కాగితమవుతుంది. అసలు ఉప్పు కాగితాన్ని ఆ పళ్లెం దగ్గరికి కూడా రానివ్వడు. పిస్టను మీదున్నది సన్నటి గట్టి క్రోమియం పూత, గీత పడితే ఆ గీతలోంచే తుప్పు దూరుతుంది.

"బలం ఒగ్గెయ్, ఓపిక పట్టు" అన్నాడు, నేను చేయి కలపబోతే.

పావుగంటకి నల్లటి అట్టు కింద నుంచి వెండి రంగు బయటపడింది. ఆయన దాని మీద చూపుడువేలి గోరు నిలువుగా గీశాడు. గోరు ఎక్కడా తగల్లేదు. ఆ పిస్టను పాసైంది. గోరు చిక్కితే అక్కడ గుంట పడ్డట్టు. రింగు రాసుకునే మేరలో గుంట ఉంటే ఎంత తుడిచినా లాభం లేదు, రబ్బరుని కోసేస్తుంది, నూనె కారుతుంది. కొత్త పిస్టను వెయ్యాల్సిందే.

రెండోదానికి తుడవడం చాల్లేదు. పూర్తిగా విప్పాలన్నాడు. గాలి కంప్రెసరుతో పిస్టన్లు ఎగరగొట్టేవాళ్లను నేను చూశాను. అది తూటాలా వస్తుంది, అడ్డం ఉన్న వేలిని వదలదు. మావయ్య లివరు ఒత్తిడితోనే రెండింటినీ సమానంగా అంచు దాకా రప్పించి, అప్పుడు గొట్టం విప్పి, చేత్తో లాగాడు. ఒకదాన్ని ముందే ఊడనిస్తే ఒత్తిడి అటే పోయి రెండోది అక్కడే కూర్చుంటుంది.

అప్పుడు ఈనె పుచ్చుకున్నాడు. గాడిలోని రింగుని స్క్రూడ్రైవరు మొనతో తీస్తే అల్యూమినియం గీసుకుపోతుంది, ఆ గీత నుంచి జీవితాంతం కారుతుంది. ఈనె వంగుతుంది గానీ గీయదు. కొసను రింగు కిందికి పోనిచ్చి, పైకి లేపి, వేలితో లాగేశాడు. రింగు వెనక గాడిలో సున్నం లాంటి తెల్లటి గట్టి పొడి. దొంగ అక్కడ దొరికాడు. అల్యూమినియం చిలుము అది. అది పెరిగే కొద్దీ రింగుని వెనక నుంచి తోసి పిస్టను మీదికి నొక్కుతుంది. పిస్టను ఎంత తళతళలాడుతున్నా గొంతు నొక్కినట్టు పట్టేస్తుంది. షాపు కుర్రాడి మీద నేను పెట్టుకున్న కోపంలో సగం ఇక్కడ తగ్గించుకోవాల్సి వచ్చింది. ఈ చిలుము నెలలో పట్టేది కాదు, ఏళ్ల తరబడి నేను బ్రేకు నూనె మార్చకపోవడం వల్ల పట్టింది.

నూనె అంటున్నాం గానీ అది నూనె కాదు. "బ్రేకాయిల్" అన్న పిలుపు చేసిన అపకారం ఇంతా అంతా కాదు. మన బళ్లలో ఎక్కువగా వాడే డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకం ద్రవాలు. ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీద చెయ్యేసి ఉంచితే అది మరిగి బుడగలు కడుతుంది, లివరు మెత్తగా హ్యాండిల్‌కి ఆనిపోతుంది. ఆ నీరే లోపల చిలుము కూడా పట్టిస్తుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. ఇక "ఆయిల్" అన్నారు కదా అని రింగుకి ఇంజనాయిలో, డీజిలో, తుప్పు వదలగొట్టే స్ప్రేయో రాస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. రింగుకి రాయాల్సింది తాజా బ్రేకు ద్రవం, లేకపోతే రబ్బరు కోసమే చేసిన ఎర్ర గ్రీజు. ఆ ద్రవం పెట్రోలు ట్యాంకు మీద పడితే పెయింటు లేస్తుంది. మావయ్య ట్యాంకు మీద తడి తువ్వాలు కప్పి గాని మూత తియ్యడు.

ఈనె కొసను నమిలి కుంచెలా చేసి, దాంతో గాడి అంతా తిరిగాడు. పంటి కింద పీచయిన ఈనె ఆ గాడికి అచ్చంగా సరిపోతుంది. తర్వాత బ్రేకు ద్రవంలో తడిపిన పేలికతో తుడిచి, కొత్త రింగుల్ని అదే ద్రవంలో ముంచి, మెలి పడకుండా వేలితో చుట్టూ తడిమి కూర్చోబెట్టాడు. పిస్టన్ని రెండు బొటనవేళ్లతో, కాస్త తిప్పుతూ దింపాడు. ఒక్కసారి వంకరపోతే బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాడు. సుత్తి మాట ఎత్తలేదు. చివరికి అది తనంతట తానే నిట్టూర్చినట్టు చిన్న శబ్దంతో లోపలికి జారింది.

మిగతావి త్వరత్వరగా అయిపోయాయి. ఈ రకం కాలిపర్లో పిస్టన్లు ఒక్క వైపే ఉంటాయి, అవతలి ప్యాడుని లాగేది కాలిపరే పక్కకి జరిగి. అది జరిగే రెండు పిన్నుల్నీ తుడిచి సిలికాన్ గ్రీజు రాశాడు. పిస్టను ఎంత శుభ్రంగా ఉన్నా ఈ పిన్నులు ఎండితే ఒక ప్యాడు అరిగిపోయి రెండోది కొత్తగా ఉంటుంది. గొట్టం బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేశాడు. లోపలి గాలి తీయడానికి నిపులుకి పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని రెండో కొసను సీసాలోని ద్రవంలో ముంచి, నన్ను లివరు దగ్గర నిలబెట్టాడు. "నొక్కు... పట్టుకో... ఇప్పుడొగ్గు." ఆయన నిపులు మూసేదాకా నేను వదలకూడదు, వదిలితే గాలి మళ్లీ లోపలికే. పైన డబ్బా ఖాళీ కానివ్వకుండా పోస్తూ, బుడగలు ఆగేదాకా ఇరవైసార్లు నొక్కించాడు. లివరు రాయిలా గట్టిపడింది.

మళ్లీ చక్రం తోశాడు. ప్యాడ్లు డిస్కుకి తాకీ తాకనట్టు సన్నగా చప్పుడు చేస్తూ మూడు చుట్లు తిరిగింది.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. ద్రవం కారుతున్నట్టు కనిపించినా, పిస్టను మీద గోరు చిక్కినా, పూర్తిగా విప్పాల్సి వచ్చినా, మొదటిసారి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి. బోల్టులు బండి మాన్యువల్లో చెప్పిన బిగువుకే బిగించండి. ఇక పేలికతో తుడవడం వరకైతే ఎవరైనా చేయొచ్చు. పిస్టన్లను లోపలికి తోశాక ప్యాడ్లకీ డిస్కుకీ మధ్య పెద్ద సందు మిగులుతుంది. మొదటిసారి లివరు నొక్కితే అది హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేకు పడదు. అందుకే బండిని ఒక్క అడుగైనా కదిలించకముందే, లివరు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి.